ఏడు యాడప్పా?

లెక్కల సారు సంస్మరణ సంచికకు అందరినీ రాయమని అడిగారు, నన్ను తప్ప. ఆయన గది మెట్లు ఒక్కసారి కూడా ఎక్కని వాళ్లు పేజీలకు పేజీలు రాశారు. ఒకాయన ‘నిరాడంబరుడు’ అన్నాడు. ఇంకొకాయన ‘మృదుభాషి’ అన్నాడు. మృదుభాషి! ఆ మృదుభాషి నన్ను ఎన్నిసార్లు బయటికి పొమ్మన్నాడో కింద పిండిమర వాళ్లను అడగండి, చెబుతారు. సంచిక వేస్తున్న సంఘానికి ఉత్తరం రాశాను, జవాబు లేదు. ఫోన్ చేశాను, ఎత్తలేదు. మనిషితో చెప్పి పంపాను, చూస్తామన్నారట. ఆయన పోయిన కబురు కూడా నాకు అందరికన్నా ఆలస్యంగా, బెళుగుప్పలో టీ తాగుతుంటే, వేరే మాటల మధ్యలో తెలిసింది. ఒక ఫోన్ చేసి చెప్పాలని ఎవరికీ తోచలేదు. అది కూడా నేను గుర్తుపెట్టుకున్నాను.

సంచికలో చోటు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆయన గది అనంతపురం పాతూరులో ఒక పిండిమర మీద ఉండేది. కింద మర తిరిగితే పైన బల్ల వణికేది. కీబోర్డు మీద ఎప్పుడూ సన్నగా జొన్నపిండి. నోటితో ఊదుకుంటూ టైపు చేసేవాడు. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. లెక్కల ప్రశ్నపత్రాల కోసం నేర్చుకున్న లేటెక్ అనే పద్ధతిలోనే తెలుగు పుస్తకాలూ, కరపత్రాలూ, అర్జీలూ తయారుచేసి అచ్చుకు ఇచ్చేవాడు. మిగతా డీటీపీ సెంటర్లలో మౌసు పట్టుకుని, అక్షరాన్ని ఇటూ అటూ జరుపుతూ, కళ్లతో చూస్తూ పేజీ కడతారు. ఈయన దగ్గర పేజీ కనబడదు. తెర మీద వెనక్కి వాలిన గీతలు, మీసాల బ్రాకెట్లు, వాటి మధ్య అక్కడక్కడా మన మాటలు. ఇది జాబితా అని ఒక ఆజ్ఞ రాస్తాడు. ఇది అందులో ఒక అంశం అని ఇంకో ఆజ్ఞ రాస్తాడు. నంబరు మాత్రం ఆయన వేయడు, అదే వేసుకుంటుంది. అన్నీ రాసి మీట నొక్కితే అప్పుడు పేజీ పుడుతుంది. ఒక్క బ్రాకెట్టు మూయడం మరిచిపోతే అదీ పుట్టదు.

ఏ పనీ చెప్పిన రోజుకు ఇచ్చింది లేదు. పిండిమర నడిపే ఆయన కింద నుంచే అరిచేవాడు.

“దాని పేరు లేటెక్ కాదన్నా, లేటు! వొట్టి లేటు!”

“నీ పిండి తిని తిని దానికి దగ్గు పట్టింది, అందుకే లేటు” అని సారు పైనుంచి అరిచేవాడు.

జాబితా అంటే ఆయనకు పిచ్చి. కథ ఇవ్వండి, కవిత ఇవ్వండి, చప్పగా చూసి పక్కన పెడతాడు. ‘ఈ కింది విషయాలు’ అన్న మాట కనబడితే చాలు, కుర్చీ ముందుకు జరుపుకుంటాడు. ఆ యంత్రం తనంతట తాను ఇచ్చే జాబితా ఆయనకు నచ్చదు. మరీ లోపలికి జరుగుతుందనీ, అంశానికీ అంశానికీ మధ్య ఎద్దుల బండి పట్టేంత ఎడం వదులుతుందనీ కసురుకునేవాడు. నంబరు ఎక్కడ నిలబడాలి, నంబరుకూ మాటకూ మధ్య సందు ఎంత, రెండో వరుస ఎక్కడ మొదలు కావాలి, అన్నీ తానే కొలిచి దానికి చెప్పేవాడు. రెండో వరుస జారి నంబరు కిందికి వచ్చిందంటే ఆయనకు ఒళ్లు మండేది.

“నంబరు గుంజప్పా. మాట గొడ్డు. గొడ్డు పోయి గుంజ మీద పండుకుంటే ఎట్ల? గుంజ బయట ఒంటిగా కనబడల్ల. దూరం నుంచి చూసినోనికి ఎన్ని గుంజలుండాయో తెలియల్ల.”

పది దాటితే నంబరు లావవుతుంది, పక్కన మాటలు జరిగిపోతాయి. అందుకని జాబితాలో అన్నిటికన్నా లావు నంబరు ఏదో ముందే చూసి, దాని వెడల్పుకు సందు వదిలేవాడు. “లావోడు పట్టేంత వాకిలి పెడితే సన్నోడు ఎట్లన్నా పోతాడు” అని తన పొట్ట నిమురుకునేవాడు. జాబితా మధ్యలో ఒక పేరా వస్తే ఆ యంత్రం నంబర్లను మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. ఆపిన చోటి నుంచే ఎత్తుకోమని దానికి విడిగా చెప్పాలి. “మన మీటింగుల మాదిరేప్పా ఇది. నడాన ఎవడన్నా లేసి మాట్లాడితే సాలు, అంతా మొదటి నుంచి!”

నంబర్లకు బదులు నల్లచుక్కలు పెట్టమంటే పెట్టేవాడు కాదు. నీటుగా ఉంటాయి సార్ అని ఎవరైనా అంటే లేచి నిలబడేవాడు.

“చుక్కను ఏమని పిలుస్తావు? ఫలానా చుక్క సంగతి ఏం చేసినావయ్యా అని ఆఫీసరును అడుగుతావా? నంబరుంటే అడుగుతావు.”

ఈ ఒక్క విషయంలో ఆయనకూ నాకూ ఎప్పుడూ తేడా రాలేదు.

ఒకసారి ఏదో పుస్తకంలో ఊళ్ల జాబితాకు అంకెలు కాకుండా అక్షరాలు వేశాడు. దానికి ఇంగ్లీషు అక్షరాలే తెలుసు. మన అ ఆ ఇ ఈల వరుసను ఈయనే కూర్చుని దానికి నేర్పించాడు. ప్రూఫు చూసుకుంటూ ఒక సర్పంచు ఉలిక్కిపడ్డాడు.

“మా ఊరికి ఈ వంకర అచ్చరమేంది సార్? మేమేం పాపం చేసినాం?”

వాళ్ల ఊరికి ఋ వచ్చింది. సారు వాదిస్తాడనుకున్నాను, వాదించలేదు. వరుసలోంచి ఋ తీసేసి, ఊ తర్వాత ఎ వచ్చేటట్టు మార్చాడు. సర్పంచు పోయాక నాతో అన్నాడు. “నిజమే కదప్పా. ఎవరూ నోరారా పలకలేని అక్షరం కింద ఊరిని పెట్టగూడదు.” ఈ ఋ సంగతి నేను గుర్తుపెట్టుకున్నాను. తర్వాత పనికొచ్చింది.

నేను మొదటిసారి ఆయన దగ్గరికి పోయింది నా అర్జీ పట్టుకుని. మా ఊరు బెళుగుప్పకు పడమట. ఊరి చెరువుకు నీళ్లు తెచ్చేది ఒకే ఒక్క వంక. గట్టు మీద గాలిమరలు వచ్చినప్పుడు, వాటి రెక్కలు మోసే పొడుగు లారీల కోసం వంకకు అడ్డంగా మట్టికట్ట పోసి దారి వేశారు. కింద తూము పెడతామన్నారు. పెట్టలేదు. లారీలు పోయాయి, కట్ట ఉండిపోయింది. అప్పటి నుంచి ఎప్పుడైనా నాలుగు చినుకులు గట్టిగా పడితే, వంక కట్ట దాకా వచ్చి, పక్కకు తిరిగి, శనక్కాయ చేలను కోసుకుంటూ ఎటో పోతుంది. చెరువులో కంపచెట్లు మొలిచాయి. నేను ఎక్కని ఆఫీసు లేదు.

ఆయన అర్జీ మొత్తం చదివి, కళ్లద్దాలు తీసి, నా వంక చూశాడు.

“ఇందులో తిట్టేది యాడ అయిపోతాది, అడిగేది యాడ మొదలవుతాది?”

“అంతా అడిగేదే సార్. ఈ ‘అన్యాయం’ అన్న మాటలు మాత్రం లావు అక్షరాల్లో పెట్టల్ల.”

“నీ కోపానికి నేను లావు అక్షరాలు పెట్టను. అడిగేది ఒక్క మాటలో చెప్పు.”

“కట్ట తీయల్ల. లేదంటే తూము పెట్టల్ల.”

“అంతే కదా? మిగతా కాగితాలెందుకు?”

“అది నా బాధ సార్.”

“బాధ ఇంట్లో పెట్టుకోని రాప్పా. ఈడ అంశం చెప్పు.”

కాగితాలు లాక్కుని మెట్లు దిగాను. ‘బాధ ఇంట్లో పెట్టుకో’ అన్న మాటను ఇప్పటికీ క్షమించలేదు. కానీ బజారులో ఇంకెక్కడ టైపు చేయించినా వత్తులు ఒక చోట, అక్షరాలు ఒక చోట పడ్డాయి. మళ్లీ ఆయన దగ్గరికే పోవలసి వచ్చింది. “వస్తావని తెలుసు” అనలేదు. అదొక్కటీ ఆయన నాకు చేసిన మర్యాద.

తర్వాత మా చుట్టుపక్కల మెట్ట ఊళ్లన్నీ కలిసి ఒక సంఘం పెట్టాయి. సంచికకు నన్ను రాయమనని సంఘం ఇదే. ఊరూరి కోర్కెలను ఒక పుస్తకంగా వేసి కలెక్టరాఫీసులో ఇద్దామన్నారు. సంఘానికి అధ్యక్షుడు భూములూ, టౌనులో వ్యాపారమూ, పార్టీలో పలుకుబడీ ఉన్న పెద్దాయన. పని సారుకు అప్పగించారు. మా ఊరి కోర్కెకు ఏడో నంబరు వచ్చింది. మొదటి ప్రూఫు నాకు గుర్తుంది. ‘వంకకు అడ్డంగా ఉన్న కట్టను తొలగించుట లేదా తూము పెట్టుట.’ ఒకటిన్నర వరుస. రెండో వరుస బుద్ధిగా మొదటి మాట కింద మొదలైంది. ఏడు బయట ఒంటిగా నిలబడి ఉంది. నా బాధ అందులో ఒక్క అక్షరం లేదు. అయినా ఆ కాగితాన్ని చాలాసేపు చూశాను. ఇన్నాళ్లకు నన్ను ఎవరో ఒక గుంజకు కట్టి నిలబెట్టినట్టు అనిపించింది.

పుస్తకం ఇవ్వవలసిన ముందురోజు పోతే, ఆయన తల తిప్పకుండానే అన్నాడు.

“నీ ఏడు తీసేయమన్నారప్పా.”

“ఎవరు?”

“పుస్తకం ఎవరిదో వాళ్లు.”

నాకు వెంటనే అర్థమైంది. ఆ గాలిమరల్లో ఒకటి అధ్యక్షుల వారి చేలోనే తిరుగుతుంది. కట్ట జోలికి పోతే కంపెనీ వాళ్లతో ఆయనకు మాట వస్తుంది.

“తీసేస్తావా సార్?”

“తీసేసినా.”

ఆ తర్వాత నేను ఏమన్నానో రాయను. కింద పిండిమర ఆపి మరీ విన్నారు. నా గొంతు ఆరిపోయి అక్కడి బెంచీ మీద కూలబడ్డాక, మెట్ల మీద అధ్యక్షుల వారి చెప్పుల చప్పుడు. చేతిలో చివరి ప్రూఫు.

“సార్, ఆరు తర్వాత ఎనిమిది ఉండాది. ఏడు యాడ?”

“మీరే తీసేయమంటిరి.”

“తీసేస్తే ఎనిమిది ఏడు అవుతాది కదా! నంబర్లు అదే సర్దుకుంటాదని మీరే చెప్తిరి.”

“సర్దుకుంటాది. సర్దుకోవద్దని చెప్పినా.”

“ఎవరికి?”

“దానికి.”

అధ్యక్షుల వారు తెర వంక చూసి, నా వంక చూశాడు. “ఈయప్ప చెప్పినాడా?”

“ఆయప్ప మాట నేనెప్పుడు విన్నా? వచ్చినప్పటి నుంచి నన్ను తిడ్తానే ఉండాడు, కావాలంటే కింద పిండిమరోళ్లను అడుగు.”

“చూసినోళ్లు తప్పు పడిందంటారు సార్.”

“అననీ. నా పేరు చెప్పు.”

సారు వాళ్లది ధర్మవరం. నేత ఇల్లు. ఏ వాదన వచ్చినా చివరికి మగ్గం దగ్గర తేలేవాడు. అప్పుడూ అంతే. “మా నాయన మగ్గంలో పోగు తెగితే ఆడ సన్నగా గీత పడతాది. అది కనబడకూడదని పక్క పోగులు జరిపినావనుకో, చీరంతా వంకర పోతాది. తెగింది తెగినట్ల ఉండనీప్పా.”

“ఇది చీర కాదు సార్, పుస్తకం! రేపు పొద్దున ఇయ్యల్ల!”

“అందుకే బిరీన అచ్చుకు పంపు.”

వేరే సెంటరుకు పట్టుకుపోదామంటే ఆ ఫైలు ఊళ్లో ఇంకెవరి చేతా తెరుచుకోదు. మళ్లీ టైపు చేయించడానికి పొద్దు లేదు. అధ్యక్షుల వారు ప్రూఫు చుట్టి చంకలో పెట్టుకుని దిగిపోయాడు. ఎప్పుడూ లేటు చేసే మనిషి, ఆ రోజు కావాలనే అంత లేటు చేశాడా అని నాకు తర్వాత అనుమానం వచ్చింది. అడిగాను. “గమ్మునుండప్పా” అన్నాడు.

నాకు మాత్రం తృప్తి లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ రోజు అధ్యక్షుల వారు మెట్లు దిగాక సారును బతిమాలాను.

“ఆ సందులో నా మాట పెట్టేయ్ సార్. అచ్చయినాక ఎవరు చూస్తారు?”

“పుస్తకం వాళ్లది. వద్దన్న మాట నేను పెట్టగూడదు.”

“మరి నంబరు?”

“ఏడో అంశం ఉన్నింది. అది అబద్ధం కాదు. లేనట్ల సర్దితే అది అబద్ధం.”

అప్పుడు నేను దాచుకున్నది తీశాను. “ఋ తీసినప్పుడు సర్దినావు కదా? ఋ పోయిందని ఎవనికీ తెలియకపాయె. ఆ సర్పంచుకొక న్యాయం, నాకొక న్యాయమా?”

ఆయన కీబోర్డు మీది పిండి ఊదాడు. “ఋ పోయినప్పుడు ఊరు యాడికీ పోలేదప్పా. ఇంకో అక్షరం కిందికి వచ్చి కూచునింది. ఈడ ఊరే పోయింది.”

నేను ఆయనను పిరికివాడన్నాను. బయటికి పొమ్మన్నాడు. పోయాను.

మరునాడు కలెక్టరాఫీసులో అందరి వెనక నిలబడ్డాను. పుస్తకం తీసుకున్న ఆఫీసరు ఫొటో అయిపోయాక పేజీలు తిప్పాడు. వేలు ఒక చోట ఆగింది.

“ఆరు, ఎనిమిది. ఏడు లేదే?”

“అచ్చుతప్పు సార్” అన్నాడు అధ్యక్షుల వారు, నవ్వుతూ.

నేను నోరు తెరిచేలోగా తర్వాతి వాళ్లను పిలిచారు. వాకిలి వైపు నడిపించారు. నేరుగా పాతూరు పోయి మెట్లెక్కాను. నిన్న పొమ్మన్న సంగతి ఆయనకు గుర్తు లేదు, నాకు ఉంది.

“అడిగినాడా?” అన్నాడు సారు, నేను మొదలుపెట్టకముందే.

“అడిగినాడు.”

“ఏమని?”

“ఏడు లేదే అని. అచ్చుతప్పని చెప్పినాడు ఆయప్ప. నీ మీద పెట్టేసినాడు సార్!”

కామా ఒకటి పక్కకు పడితే అన్నం మానేసే మనిషి. ఆ మాటకు ఆయన మొహం నల్లబడింది. కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు, మళ్లీ తుడిచాడు.

“పెట్టనీ. అడిగినాడు కదా.”

“అడిగితే ఏమొచ్చె? కట్ట అట్లనే ఉండాది!”

“అడగడానికి చోటు పెట్టినాప్పా. జవాబు నా దాంట్లో లేదు. అది వాళ్లు చెప్పల్ల.”

నేను అనుకున్నదానికన్నా ఎక్కువ రోజులే ఆ ఖాళీ పనిచేసింది. పుస్తకం ఊరూరికీ పోయింది. చూసిన ప్రతివాడూ ఆరు తర్వాత ఎనిమిది దగ్గర ఆగాడు. ఆ ఏడు నాదని ఎట్లాగో తెలిసిపోయి, బెళుగుప్పలో బస్సు దిగితే చాలు, టీ కొట్టు దగ్గర కేకలు. “ఏమన్నా, ఏడు యాడ?” “ఏడు యాడప్పా, దొరికెనా?” నవ్వడానికే అడిగేవాళ్లు. నేను కూర్చుని వంక సంగతి మొదటి నుంచీ చెప్పేవాణ్ని. మధ్యలో లేచిపోయేవాళ్లు పోయేవాళ్లు. ఒకరో ఇద్దరో ఉండేవాళ్లు. నా జీవితంలో నన్ను ఎవరైనా ఏదైనా అడిగారంటే ఆ కొన్నేళ్లే.

చివరిసారి చూసినప్పుడు ఆయన మంచానికీ కుర్చీకీ మధ్య తిరుగుతున్నాడు. గది ఖాళీ చేసి యంత్రాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. దాని మీద పిండి లేకపోవడం నాకు వింతగా ఉంది. అప్పుడు కూడా అడిగాను, ఈసారి పుస్తకం మళ్లీ వేస్తే నా మాట పెట్టమని.

“నీకు అలుపు రాదా అప్పా?”

“వస్తాంది సార్. ఆపేది రాలేదు.”

నవ్వాడు. నాకు తెలిసి నా మాటకు ఆయన నవ్వింది అదొక్కసారే.

ఈ మధ్య సంచికతో పాటు కోర్కెల పుస్తకం కొత్త ముద్రణ కూడా తెచ్చారు. మొదటి పేజీలో ఆయన ఫొటో. ఈ కూర్పు ఆయన స్మృతికి అంకితం అని కింద రాశారు. లోపల పేజీలు తిప్పాను. ఆరు. దాని కింద ఏడు. ఏడులో మా రోడ్డుకు సాయంత్రం ఇంకో బస్సు కావాలని ఉంది. నిన్నటి దాకా ఎనిమిదిలో ఉన్న బస్సు వచ్చి నా చోట్లో కూర్చుంది. చివరి దాకా చూశాను. ఎక్కడా సందు లేదు. అన్ని అంశాల్లోనూ రెండో వరుస జారి నంబరు కిందికి వచ్చి పడుకుంది.

టైపు చేసిన సెంటరు వెతుక్కుంటూ పోయాను. ఒక ఆడపిల్ల. ఆయన ఫైలు తెరవడం చేతకాక పాత పుస్తకం చూసి మొత్తం మళ్లీ కొట్టిందట. పాపం, కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

“పాత దాంట్లో నంబరు తప్పుండె అన్నా. ఏడు మిస్సయింటే, సరిచేసినా.”

“ఎవరు చెప్పినారమ్మా సరిచేయమని?”

“ఎవరు చెప్పల్ల అన్నా? అదే సర్దుకుంటాది కదా.”

“ప్రూఫు ఎవరు చూసినారు?”

“అధ్యక్షుల వారే చూసినారు. పాతాయన ఎన్నాళ్లకూ చేయనిది నువ్వు చేసినావమ్మా అని మెచ్చుకున్నారు.”

ఆ పిల్లను ఏమీ అనలేదు. నాకు చేతకాక కాదు, ఆమెది తప్పు కాదు కాబట్టి. దోవలో టీ కొట్టు దగ్గర ఆగాను. కొత్త పుస్తకం అక్కడ బల్ల మీదే పడి ఉంది. ఒకడు తిప్పి చూసి కింద పెట్టాడు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

నిరుడు వంక ఒకసారి వచ్చింది. కట్ట దాకా వచ్చి, తిరిగి వేరే దారిన పోయింది. ఆ సంగతి మళ్లీ అడుగుతాను, అడగడం మానను. ఇప్పుడు అడిగేది వేరు.

అధ్యక్షుల వారూ, సంఘం వారూ, ఉత్తరం రాస్తే జవాబివ్వరు, ఫోన్ చేస్తే ఎత్తరు కాబట్టి నలుగురూ చదివే చోట అడుగుతున్నాను. ఆ పిల్లకు తెలియదు. మీకు తెలుసు. ఆయన ఫొటో ముందు పేజీలో పెట్టి, వెనక పేజీలో ఆయన వదిలిన చోటును మూసేశారు. ఈసారి అచ్చుతప్పు అనకండి. మీద వేయడానికి ఆయన లేడు. ఒకటి నుంచి ఆరు దాకా ఉన్నాయి, ఎనిమిది నుంచి చివరి దాకా ఉన్నాయి, నంబర్లు మార్చుకుని అయినా ఉన్నాయి. నాకు జవాబు చెప్పండి.

ఏడు యాడప్పా?